గోడను పక్కకు తోస్తే...

గోడలకు చెవులుంటాయని సామెత. చెవుల సంగతేమో గానీ, ఇటుక గోడకు ఒక పక్షపాతం మాత్రం ఉంది. నెత్తిన ఎంత బరువు పెట్టినా కిక్కురుమనదు. స్లాబు, దానిమీద ఇంకో అంతస్తు, ఆ పైన నీళ్ల ట్యాంకు, పెళ్లినాడు మేడమీద బంతి భోజనాలకు కూర్చున్న చుట్టాలు... అన్నిటినీ మోస్తుంది. అదే గోడను ఒక కొస నుంచి పొడవు వెంట పక్కకు తోస్తే, ఆ ఓపికంతా ఎక్కడికి పోతుందో తెలియదు. మామూలు రోజుల్లో గోడను అలా తోసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి ఈ బలహీనత బయటపడదు. తోసేది భూకంపమే.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, 4 గంటలకు కాస్త ముందు, మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూమి కంపించింది. ముందురోజు వినాయక నిమజ్జనం ముగించుకుని అలసి నిద్రపోయిన ఊళ్లవి. ఆ కుదుపు హైదరాబాదులోనూ తెలిసింది. దాని తీవ్రత 6 పైచిలుకే. అంతకంటే పెద్ద భూకంపాలు ప్రపంచంలో ఏటా పదుల సంఖ్యలో వస్తుంటాయి. అయినా కిల్లారి, దాని చుట్టుపక్కల గ్రామాల్లో దాదాపు 8 వేల మంది చనిపోయారు. వాళ్ల ప్రాణాలు తీసింది సొంత ఇళ్ల గోడలే. రెండడుగులకు మించిన మందంతో, రాళ్లను మట్టితో పేర్చి కట్టిన గోడలవి. మీద దూలాలు, ఆ దూలాల మీద ఎండ వేడి తగలకుండా మందంగా పరిచిన మట్టి. గోడలు బరువు మోయలేక కూలిపోలేదు. ఆ బరువును అవి తరతరాలుగా మోస్తూనే ఉన్నాయి. పక్కకు కుదిపేసరికి రాయికీ రాయికీ మధ్య ఉన్న మట్టి పట్టు వదిలేసింది. గోడ లోపలి పొర ఒకవైపు, బయటి పొర ఒకవైపు విడిపోయాయి. మోస్తున్న కప్పు కింద పడుకున్నవాళ్ల మీద పడింది.

ఇంజినీర్లు ఈ పక్కకు తోసే బలాన్ని ‘షియర్’ అంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఆర్టీసీ బస్సు చాలు. ఆగి ఉన్న బస్సు ఒక్క ఉదుటున కదిలితే నిలబడ్డవాళ్ల కాళ్లు బస్సుతో ముందుకు పోతాయి, నడుము పైభాగం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఇల్లూ అంతే. నేల పునాదిని లాక్కుపోతుంది, బరువైన కప్పు కదలనంటుంది. మధ్యలో నలిగేది గోడ. కోళ్లు వదులైన నులకమంచం పక్కకు ఒరిగినప్పుడు గమనించే ఉంటారు. నలుచదరంగా ఉన్నది వాలుగా మారుతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న నులక సాగుతుంది, రెండోవైపు వదులవుతుంది. గోడ కూడా అలాగే ఒరగబోతుంది. కానీ ఇటుకకు, మాలుకు నులకలా సాగే గుణం లేదు. సాగబోయిన మూల వెంట పగులుతుంది. భూమి రెండోవైపు ఊగగానే రెండో మూల వెంట పగులుతుంది. భూకంపం వచ్చిన ఊళ్లలో కిటికీల మధ్య గోడల మీద ఎవరో పెద్ద ఇంటూ గుర్తు గీసినట్టు కనిపించేది ఇదే.

మరి ఒక గోడ ఎంత తోపుకి తట్టుకుంటుంది? కాగితం మీద లెక్క వేసి తేల్చడం కష్టం. ఇనుమైతే ఫ్యాక్టరీ నుంచి ఒకే తీరున వస్తుంది. గోడ అలా కాదు. బట్టీలో ఇటుక ఎలా కాలింది, ఇసుక ఎంత సన్నం, మేస్త్రీ ఆ పూట ఎన్ని నీళ్లు పోశాడు, ఇటుకను తడిపాడా లేదా... ఇవన్నీ కలిసి తేల్చాల్సిన జవాబది. అందుకే ముందు గోడ ముక్క కట్టాలి, దాన్ని పగలగొట్టి చూడాలి. పరిశోధనశాలల్లో చేసేది ఆ పనే.

ఈ పనికి మూలపురుషుడిగా చెప్పుకోవాల్సిన మనిషి పేరు హైస్కూలు దాటిన ప్రతివారికీ తెలుసు. కాకపోతే వేరే పాఠంలో. విద్యుదావేశాల ఆకర్షణకు సూత్రం చెప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ అసలు వృత్తి సైన్యంలో ఇంజినీరు. కరీబియన్ దీవుల్లోని మార్టినిక్‌లో ఏళ్ల తరబడి కోట కట్టించాడు. ఆ అనుభవంతో 1773లో పారిస్‌లోని సైన్సు అకాడమీకి ఒక వ్యాసం సమర్పించాడు. రాతి ముక్కల్ని లాగి, అడ్డంగా కోసేలా తోసి, ఎంత బలానికి తెగాయో అందులో రాశాడు. నేటికీ గోడల లెక్కకు ఆధారంగా నిలిచిన ఆలోచన ఆ వ్యాసంలోదే. పక్కతోపును ఆపే శక్తికి రెండు భాగాలుంటాయి. ఒకటి అతుకు, అంటే రెండు ముక్కలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే గుణం. రెండోది రాపిడి, అంటే పైనుంచి నొక్కే బరువు వల్ల జారకుండా ఉండే గుణం.

రాపిడి భాగం తెలియాలంటే పేకముక్కల కట్ట తీసుకుంటే సరి. బల్లమీద పెట్టి వేలితో పక్కకు నెడితే ముక్కలు జారిపోతాయి. అరచేత్తో పైనుంచి గట్టిగా నొక్కిపెట్టి నెడితే కదలవు. గోడ నెత్తిన ఉన్న బరువు ఆ అరచేయి లాంటిది. భూకంపంలో బరువైన కప్పే శత్రువు, ఎందుకంటే ఎంత బరువుంటే అంత బలంగా గోడను ఒరగదోస్తుంది. అదే బరువు ఇటుకల వరసల్ని నొక్కిపట్టి కొంత కాపాడుతుంది కూడా. ఈ తగువులో ఎటువైపు మొగ్గుందో చెప్పాలంటే అతుకు ఎంత, రాపిడి ఎంత అని విడివిడిగా కొలవాలి.

దానికి వాడే పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. మూడు ఇటుకలు, వాటి మధ్య రెండు పొరల మాలు. అంతే. మాలు గట్టిపడ్డాక ఈ కట్టను యంత్రంలో పెట్టి రెండు పక్కల నుంచి జాకీతో అదుముతారు. అటూ ఇటూ ఉన్న ఇటుకల్ని కదలకుండా పట్టుకుని మధ్య ఇటుకను మాత్రం నెడతారు. ఎక్కడో ఒకచోట అతుకు వదిలి మధ్య ఇటుక జారుతుంది. ఆ క్షణాన యంత్రం చూపిన అంకె రాసుకుంటారు. యూరప్ ప్రమాణాల ప్రకారం అదిమే బలాన్ని మూడు స్థాయుల్లో మార్చి, ఒక్కో స్థాయిలో కనీసం మూడు కట్టల్ని పగలగొట్టాలి. మన ఇటుకల్లాంటి మెత్తటి రకానికైతే ఆ స్థాయులు చదరపు సెంటీమీటరుకు సుమారు 1, 3, 5 కిలోలు. వచ్చిన అంకెల్ని గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి గీత గీస్తే, పక్కనుంచి అదమకపోయినా మిగిలే బలం అతుకు. అదిమేకొద్దీ పెరిగే వాలు రాపిడి.

అంకె ఎంత ముఖ్యమో, పగిలిన తీరు అంత ముఖ్యం. కట్ట విడిపోయాక ఇటుక ముఖం నున్నగా, మాలు మరక కూడా లేకుండా ఉంటే రెండూ అసలు అతుక్కోలేదన్నమాట. మాలే అడ్డంగా తెగితే మాలు బలం చాలలేదు. ఇటుకే విరిగితే అతుకు ఇటుకకంటే గట్టిదని అర్థం. ఇన్ని చేసినా, ఒకే బట్టీ ఇటుకతో, ఒకే మేస్త్రీ చేత్తో చేసిన కట్టల ఫలితాలు కూడా ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తుంటాయి. ఈ తేడాలకు భయపడే నిబంధనలు రాసేవాళ్లు పిసినారుల్లా ఉంటారు.

మన దేశంలో ఇటుక కట్టడాలకు సంబంధించిన ఐ.ఎస్. 1905 ప్రమాణం 1987 కూర్పు చూస్తే ఆ పిసినారితనం తెలుస్తుంది. పైన బరువేమీ లేకపోతే గోడ పక్కతోపుకి అనుమతించింది చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. మీద బరువు ఉంటే అందులో ఆరోవంతు అదనం. ఎంత బరువున్నా మొత్తం 5 కిలోలు దాటకూడదు. అదీ సిమెంటు, ఇసుక ఒకటికి అయిదు పాళ్లకు తగ్గని మాలు వాడితేనే. ఇళ్ల దగ్గర మామూలుగా వినిపించే ‘ఒకటికి ఆరు’ ఈ సూత్రం పరిధిలోకే రాదు. తొమ్మిదంగుళాల మందం, మూడు మీటర్ల పొడవున్న గోడను తీసుకుంటే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. ఓ మోస్తరు ఇటుకతో కట్టిన ఆ గోడ నెత్తిన దాదాపు 34 టన్నులు పెట్టడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. బరువు లేనప్పుడు పక్కతోపుకి ఒప్పుకునేది 7 టన్నుల లోపే.

మూడు ఇటుకల పరీక్ష ఒక్క అతుకు సంగతి చెబుతుంది. గోడ అంటే అలాంటి అతుకులు వందలు. అందుకని తర్వాతి మెట్టు గోడ పలకను పరీక్షించడం. అమెరికా ప్రమాణం ప్రకారం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు పలక కట్టి, దాన్ని మూల మీద నిలబెడతారు. సంక్రాంతి గాలిపటాన్ని తోక కిందికి వచ్చేలా పట్టుకున్నట్టు. పై మూలకు, కింది మూలకు ఉక్కు తొడుగులు తొడిగి నొక్కుతారు. నిలువుగా నొక్కితే అడ్డంగా సాగుతుంది, సాగినచోట నిట్టనిలువునా పగులుతుంది. ఆ పగులు ఇటుకల్ని చీల్చుకుంటూ పోతుందా, మెట్లు దిగినట్టు మాలు వెంటే పోతుందా అన్నది చూడాలి. మెట్ల పగులు వస్తే ఇటుకల మధ్య రాపిడి ఇంకా మిగిలే ఉంటుంది, గోడ కొంతసేపు జారుతూ నిలబడుతుంది. ఇటుకల్ని చీల్చిన పగులు చెప్పాపెట్టకుండా వస్తుంది. మెత్తటి ఇటుకకు మరీ గట్టి సిమెంటు మాలు వాడితే ఈ రెండో రకానికి దారి తీసే ప్రమాదం ఎక్కువ. సిమెంటు ఎంత పోస్తే అంత మంచిదనుకునే ఇంటి యజమానికి ఈ మాట రుచించదు.

గాలిపటం పరీక్షలో నొక్కుడు ఒకసారే, ఒకవైపే. భూకంపం మాత్రం అటూ ఇటూ ఊపుతుంది. యుగోస్లావియాలోని స్కోప్యే నగరాన్ని 1963లో వచ్చిన భూకంపం నేలమట్టం చేసి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతి ఏళ్లలో అదే దేశంలో, ఇప్పటి స్లొవేనియాలో, టుర్న్‌షెక్, చచోవిచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇటుక గోడల మీద బరువు పెట్టి పక్కకు తోసి చూశారు. ఏటవాలు పగులుకు వాళ్లు రాసిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. 1994లో ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకా ముందుకెళ్లి నిజమైన కొలతలతో రెండంతస్తుల ఇటుక ఇల్లే కట్టి, జాకీలతో ముందుకీ వెనక్కీ తోశారు. ఇలాంటి పరీక్షల్లో తేలిందేమిటంటే గోడ చావు మూడు రకాలు. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న గోడ బీరువాలా ఒక మూల పైకి లేచి ఊగుతుంది. మీద బరువు తక్కువ, మాలు నాసిరకం అయితే ఒక వరస మీద ఇంకో వరస జారుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉండి మీద బరువు ఉన్నది ఇంటూ ఆకారంలో చీలుతుంది. మూడింట్లో చెడ్డది చివరిదే. అందుకే తలుపులు, కిటికీలు ఎంత వెడల్పు, మూలకు ఎంత దూరం అన్నది అందానికో వాస్తుకో సంబంధించిన విషయం మాత్రమే కాదు. రెండు కిటికీల మధ్య మిగిలిన గోడ కొలతలే దాని చావును నిర్ణయిస్తాయి.

అంత డబ్బు లేని చోట తెలివే పెట్టుబడి. రూర్కీ విశ్వవిద్యాలయం 2001లో ఐఐటీ అయింది గానీ, భూకంప ఇంజినీరింగ్‌లో దాని పేరు 1960 నుంచే ఉంది. అక్కడివాళ్లు చిన్న రైలు పట్టాలు వేసి, ఒక వ్యాగన్ మీద ఇటుక ఇల్లు కట్టారు. బరువు నింపిన ఇంకో వ్యాగన్‌ను వదిలి, దాన్ని వచ్చి గుద్దేలా చేశారు. గుద్దిన ప్రతిసారీ ఇంటికో భూకంపం. ఒకే రకం ఇళ్లు కొన్ని మామూలుగా, కొన్ని లింటెల్ మట్టంలో నాలుగు గోడల్నీ చుట్టి కాంక్రీటు పట్టీ వేసి, మూలల్లో నిలువు ఇనుప కమ్మీలు పెట్టి కట్టి గుద్దించారు. పట్టీ ఉన్న ఇల్లు పగిలినా విడిపోలేదు. లేని ఇల్లు గోడకో దిక్కుగా విడిపోయింది. మన ఐ.ఎస్. 4326 ప్రమాణం చెప్పే పట్టీల వెనుక ఇలాంటి గుద్దుళ్లు ఎన్నో ఉన్నాయి.

ఆ వ్యాగన్ల మీదే ఇంకో చిత్రమైన ప్రయోగం కూడా జరిగింది. గోడ ఎక్కడో ఒకచోట జారుతుందన్నది ఖాయమైతే, ఎక్కడ జారాలో మనమే ఎందుకు చెప్పకూడదు? పునాదికీ గోడకీ మధ్య మాలు వేయకుండా గ్రాఫైట్ పొడి, ఇసుక లాంటివి పరిచి, గోడల్ని అడుగున కాంక్రీటు పట్టీతో కలిపి కట్టారు. గుద్దినప్పుడు ఇల్లు మొత్తం పీట జరిగినట్టు జరిగింది, పైకి చేరే కుదుపు తగ్గింది. ఉన్న చిక్కల్లా జరిగిన ఇల్లు మళ్లీ దానంతటది వెనక్కి రాదు.

ఇప్పుడు మన ఇటుక దగ్గరికి వస్తే, ఇక్కడే అసలు మెలిక ఉంది. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో ఇటుక గట్టిది, మాలు మెత్తనిది. సూత్రాలన్నీ ఆ ఊహతోనే రాసుకున్నారు. దక్షిణాది బట్టీల ఇటుక చాలాచోట్ల తలకిందులు. దాన్ని పట్టి ఉంచే సిమెంటు మాలుకంటే ఇటుకే మెత్తన. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జగదీశ్, వెంకటరామ రెడ్డి, వాళ్ల సహచరులు దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2005లో వెలువడిన వాళ్ల పరిశోధన ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. మాలు అదే ఉంచి, ఇటుకకూ మాలుకూ మధ్య అతుకును మాత్రమే మెరుగుపరిస్తే, గోడ నిలువు బరువు మోసే శక్తి కూడా పెరిగింది. అంటే మాలు గట్టిగా ఉండటం వేరు, అతుక్కోవడం వేరు. కాన్పూరు ఐఐటీవాళ్లు 2007లో ప్రచురించిన నిలువు ఒత్తిడి పరీక్షల్లో, మాలులో కొంత సున్నం కలిపితే బలం పెద్దగా తగ్గకుండానే ఇటుక దిమ్మె విరిగేలోపు ఎక్కువ కుదించుకుంది. అంటే పెళుసుతనం తగ్గిందన్నమాట. గానుగ సున్నంతో కట్టిన తాతల నాటి గోడల గురించి పెద్దవాళ్లు చెప్పే గొప్పల్లో కొంత నిజం లేకపోలేదు.

అతుకు అన్నది నీళ్ల వ్యవహారం. ఇటుక స్పాంజి లాంటిది. ఎండలో కాగిన ఇటుకను పొడిగా పెడితే మాలులో నీళ్లన్నీ పీల్చేస్తుంది, సిమెంటు గట్టిపడటానికి కావాల్సిన తేమ అతుకు దగ్గరే కరువవుతుంది. అలాగని తొట్టిలో రాత్రంతా ముంచి, నీళ్లోడుతుండగా పెడితే అది ఇంకేమీ పీల్చలేదు. సిమెంటు పాలు ఇటుక రంధ్రాల్లోకి వెళ్లనే వెళ్లవు, మాలు మీద ఇటుక తేలుతుంది. రెండు రకాలూ పరీక్షలో ముందే జారిపోతాయి. బాగా తడిసి, పైన తడి ఆరిన ఇటుకే గట్టిగా పట్టుకుంటుంది. ఇక పైముఖం మీద కంపెనీ పేరున్న గుంట మాలుతో పూర్తిగా నిండితే అది చిన్న మేకులా పనిచేస్తుంది. నిండకపోతే లోపల గాలి మిగులుతుంది.

‘మాది అపార్ట్‌మెంటు, పిల్లర్లున్నాయి, గోడతో పనేంటి’ అనుకునేవాళ్లూ ఉంటారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. కూలినవాటిలో చాలా వాటికి కింది అంతస్తులో గోడల్లేవు, కార్ల పార్కింగ్ కోసం ఖాళీ వదిలారు. డిజైను కాగితాల్లో గోడ బలం సున్నా. కానీ పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇరుక్కున్న గోడలు పక్కతోపుని ఆపుతూ గట్టిగా నిలబడ్డాయి. ఆపే గోడ లేని కింది పిల్లర్ల మీద భారమంతా పడింది.

మన దగ్గర భూకంపాలు రావులే అన్న ధీమాకు కూడా ఆధారం అంతంతమాత్రమే. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు. చివరిదాని తీవ్రత 5.3. హైదరాబాదు, విజయవాడల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు.

ఇల్లు కట్టించుకునేవాళ్ల దగ్గర జాకీలూ యంత్రాలూ ఉండవు. అయినా అనుభవమున్న సైటు ఇంజినీర్లు ఒక చిన్న పని చేస్తారు. మేస్త్రీ అప్పుడే పెట్టిన ఇటుకను, మాలు గట్టిపడకముందే చేత్తో పైకి లేపుతారు. కింది ముఖమంతా మాలు అంటుకుని ఉంటే తిరిగి పెట్టించి ముందుకెళ్తారు. అంచుల్లో మాత్రమే మాలు ఉండి మధ్యలో ఎర్రగా ఇటుక కనబడితే ఆ వరస తీయిస్తారు. మేస్త్రీ కాస్త విసుక్కుంటాడు, ఓ అరగంట పని వెనకబడుతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక ఈ తనిఖీ ఎవరివల్లా కాదు.